మూడేళ్ళు చాలు

ఫిబ్రవరి 3

ఈ రోజు కూడా వెనక సీటే.

కాలేజీ వదిలే వేళకు అన్న హిందూపురం వచ్చి గేటు ఎదుట కారు నిలబెట్టాడు. ఆ ఊళ్ళో ఏదైనా పని పడితే నన్ను కూడా ఎక్కించుకుని పెనుకొండలో మా ఇంటికి తీసుకుపోవడం నిరుటి నుంచీ ఉన్న అలవాటు. ముందు తలుపు తీశాను. లోపల కీర్తన వదిన కూర్చుని ఉంది.

"వెనక్కు కూర్చో అశ్వినీ. ఆ సంచి పక్కకు తొయ్యి" అంది.

సంచి పక్కకు తోశాను. దారి పొడుగునా వాళ్ళ మాటలు నాకు సగమే వినిపించాయి. అద్దాలు దించి ఉన్నాయి. మిగతా సగాన్ని గాలి ఎత్తుకుపోయింది. ఒకచోట ఇద్దరూ గట్టిగా నవ్వారు. ఎందుకో తెలియకుండానే నేను కూడా నవ్వాను.

ముందు సీటు గురించి నాకు పట్టింపేమీ లేదు. వెనక అయితే కాళ్ళు చాపుకోవచ్చు.

ఫిబ్రవరి 6

స్ప్రింగుకు తెలుగు మాట వెతికాను. నిఘంటువులో దొరికినవేవీ స్ప్రింగులాగా లేవు. నొక్కితే లేచేటట్టు లేవు. 'స్ప్రింగు' అనేస్తేనే ఆ చివరి గకారంలో ఒక ఎగురు ఉంది. అలాగే ఉంచుతాను.

ఎందుకు వెతికానంటే, అన్న ఈసారి నిజంగానే కారు కిందికి దించబోతున్నాడు. దించడమంటే, ఉన్న స్ప్రింగులు తీసేసి వాటికంటే పొట్టివి వేయడం. అప్పుడు కారు ఒళ్ళు టైర్లకు దగ్గరగా వచ్చి నేలను పట్టుకున్నట్టు ఉంటుంది. ఇది మా ఇద్దరి కల. నిరుడు అన్న ఈ చిన్న కారును పాతదిగా కొని ఇంటికి తెచ్చిన రోజు, టైరుకూ పైన రేకుకూ మధ్య ఉన్న సందు చూసి నేనే అన్నాను, "బురద దాటడానికి చీర ఎత్తి పట్టుకున్నట్టుందిరా అన్నా" అని. అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పటి నుంచి మా ఇద్దరికీ అదే గుర్తు. 'చీర దించల్ల' అంటే చాలు, ఇంట్లో ఇంకెవరికీ అర్థం కాదు.

ఎన్ని వీడియోలు చూశామో. ఎన్ని కంపెనీల పట్టికలు నేను చదివి అన్నకు తెలుగులో చెప్పానో. ఇరవై ఐదు మిల్లీమీటర్లు దించేవి ఉన్నాయి, నలభై దించేవి ఉన్నాయి. నలభైకే వెళ్ళాలని నేను మొదటి నుంచీ అంటున్నాను. చేసే పని సగం చేయకూడదు.

ఫిబ్రవరి 9

టైరు మీద అంకెలు ఒక సమాసం. ఈ సంగతి నేనే కనిపెట్టాను, ఎవరూ చెప్పలేదు.

మా కారుకు ఇప్పుడున్నది 185/65 ఆర్ 15. విగ్రహవాక్యం ఇలా చెప్పాలి: నూట ఎనభై ఐదు మిల్లీమీటర్ల వెడల్పు కలది, ఆ వెడల్పులో అరవై ఐదు శాతం ఎత్తున్న గోడ కలది, పదిహేను అంగుళాల చక్రానికి తొడిగేది ఏదో అది. బహువ్రీహి. మధ్యలో ఉన్న అరవై ఐదును అందరూ మిల్లీమీటర్లు అనుకుంటారు. కాదు, అది మొదటి పదం మీద ఆధారపడి బతికే పదం. మొదటిది మారితే దాని విలువ కూడా మారిపోతుంది.

అన్నకు ఇదంతా చెప్పాను. స్ప్రింగులతో పాటు పదహారు అంగుళాల అల్లాయ్ చక్రాలు కూడా వేయాలని అతని ఆశ. "అయితే ఏ టైరు వెయ్యల్ల మే?" అన్నాడు. "205/55 ఆర్ 16" అన్నాను. వెడల్పుగా, దర్జాగా ఉంటుంది.

వదిన వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది, "205 వేస్తే టైరు మొత్తం మింద పది మిల్లీమీటర్లు పెరుగుతాది. కారు దించి టైరు పెంచితే, స్టీరింగు తిప్పినప్పుడు లోపల రాసుకుంటాది. 195/55 అయితే ఇప్పుడున్న ఎత్తే వస్తాది."

అన్న తల ఇటు నుంచి అటు తిరిగింది. నా వైపు నుంచి ఆమె వైపు.

వదిన వాళ్ళ నాయన రంగప్ప మామకు ధర్మవరంలో టైర్ల అంగడి ఉంది. ఆమె ఆ అంగట్లోనే పెరిగింది. అంతే. అందులో గొప్పేముంది.

తర్వాత గుణించి చూశాను. ఇప్పుడున్నది 621. నేను చెప్పింది 632. ఆమె చెప్పింది 621. రెండోసారి కూడా గుణించి చూశాను.

ఫిబ్రవరి 12

పొద్దున కారు తుడుస్తూ వదిన అన్నను అడిగింది, "ఇంతకీ చీర ఎంత దించుదాం?"

ఆ మాట నాది.

ఫిబ్రవరి 17

ఈ రోజు నా సెమినారు. మన మండలాల మాటల తీరు మీద. చెన్నేకొత్తపల్లి, గోరంట్ల, బుక్కపట్నం వైపు వాళ్ళు మాటను ఎక్కడ మింగుతారు, ఎక్కడ సాగదీస్తారు అని ఇరవై నిమిషాలు మాట్లాడాను. సుధ మేడమ్ చివర్న, "అశ్వినీ, నువ్వు తెలుగు ఎమ్మే చెయ్యాలి. డిగ్రీతో ఆపొద్దు" అన్నారు. క్లాసంతా వింది. చెవులు వేడెక్కాయి.

ఆ మాట అన్నకు చెప్పాలని బస్సు దిగి పరుగున వచ్చాను. అన్నా వదినా ఇంట్లో లేరు. హిందూపురమే వెళ్ళారట, మెకానిక్ రామాంజినేయులు దగ్గరికి, కారు చూపించడానికి. నేను అదే ఊళ్ళో ఉన్నాను. ఒక్క ఫోను చేసి ఉంటే వచ్చేదాన్ని.

పొద్దు కుంకే వేళకు వచ్చారు. అన్న తెగ హుషారుగా ఉన్నాడు. "రామాంజినేయులు ఏమంటాడో తెలుసామే? కొత్త స్ప్రింగులు ఎందుకప్పా, ఉన్నదాంట్లోనే రెండు చుట్లు కోసేస్తే దుడ్లు మిగుల్తాయి గదా అంటాడు. నీ వదిన ఆయప్పకు క్లాసు పీకింది. కోస్తే స్ప్రింగు స్ప్రింగు కాదు, ఇనుప ముక్క అని."

"స్ప్రింగు కోయకూడదని నేను నీకు నిరుడే చెప్పినా" అన్నాను.

"చెప్పినావు, చెప్పినావు" అన్నాడు నా నెత్తి మీద తట్టి. చిన్నపిల్లను తట్టినట్టు.

ఎమ్మే సంగతి చెప్పడం మర్చిపోయాను.

ఫిబ్రవరి 22

పర్యాయపదాలు రాసుకున్నాను, పరీక్షకు పనికొస్తాయని.

అసూయ. ఈర్ష్య. మాత్సర్యం. ఓర్వలేనితనం. కుళ్ళు. కడుపుమంట. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం.

మొదటి మూడూ సంస్కృతం నుంచి వచ్చాయి, చలువ బట్టలు కట్టుకున్నట్టు ఉన్నాయి. మిగతావి ఒంట్లో నుంచి వచ్చాయి. అవ్వ వీటన్నిటికీ కలిపి ఒకే మాట వాడుతుంది: ఏడుపు. 'దానికి దీని మింద ఏడుపు' అంటుంది. కన్నీళ్ళు లేకపోయినా ఏడుపే.

పరీక్షలో ఇవి అడుగుతారని నమ్మకమేమీ లేదు.

మార్చి 2

అన్నం తినేటప్పుడు చెప్పేశాను. ఏప్రిల్‌లో డిగ్రీ అయిపోతుంది. మూడేళ్ళ చదువు. ఆ తర్వాత అనంతపురంలో హాస్టల్లో ఉండి ఎమ్మే చేస్తాను, ఇంకో రెండేళ్ళు.

నాయన చేయి కడుక్కుంటూ, "డిగ్రీ చాలు గదమ్మా. తెలుగు తెలుగే గదా, ఇంట్లో మాట్లాడేదే" అన్నాడు. అమ్మ నాయన వైపు చూసింది. అందరూ అన్న వైపు చూశారు. ఇంట్లో ఏ పెద్ద పనైనా అన్న జీతం మీద, అన్న మాట మీదే నడుస్తుంది.

అన్న, "చూస్తాం లే నాయనా. మాట్లాడుకుందాం" అన్నాడు.

ఎవరితో మాట్లాడుకుంటాడు? పోయిన సంవత్సరమైతే నాతోనే మాట్లాడేవాడు.

వదిన అదేమీ పట్టనట్టు నెయ్యి వేసింది.

మార్చి 9

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మధ్యాహ్నం మిద్దె మీద మిరపకాయలు తిరగేస్తున్నాను. కింద వాకిట్లో అన్నా వదినా కారు కడుగుతున్నారు. అది కూడా ఇదివరకు మేమిద్దరం చేసే పనే. పైపు నీళ్ళ చప్పుడు ఆగింది. అప్పుడు విన్నాను.

అన్న: "అశ్విని రెండేళ్ళని ఆశ పెట్టుకోనుండాది."

వదిన: "ఆశకేమి. మూడేళ్ళు చాలు. ఆ రెండేళ్ళకు పోయినామంటే తర్వాత అనుభవించేది మనమే గదా."

అన్న: "బాధ పడతాదేమో."

వదిన: "పడనీ. రెండు దినాలు మూతి ముడుచుకుంటాది, మర్చిపోతాది. నువ్వు చెప్పలేకుంటే నేను చెప్తా."

మళ్ళీ పైపు తిప్పారు.

మూడేళ్ళు చాలు. ఎంత తేలిగ్గా అంది. నా డిగ్రీని నా చేతిలో పెట్టి, ఇక చాలు లే, కూర్చో అంది. అనుభవించేది మనమే. అంటే నా హాస్టలు ఖర్చు ఆమె అనుభవించాలి. వచ్చి నాలుగు నెలలు కాలేదు.

అన్న గట్టిగా కాదనలేదు. అది ఎక్కువ బాధ.

మార్చి 10

మూడేళ్ళు చాలు.

మార్చి 11

అవ్వ అడిగింది, "ఏమ్మే, మొగం అట్ల పెట్టుకోనుండావు?" అని.

"నన్ను ఎమ్మేకు పంపరంట అవ్వా."

"ఎవురన్న్యారు?"

"నేను చెప్పను."

"చెప్పనంటే చెప్పినట్టే. కీర్తననా?"

నేను మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నాను. ఇది ఇక్కడ స్పష్టంగా రాసిపెడుతున్నాను: నేను వదిన పేరు ఎత్తలేదు. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

మార్చి 13

పొద్దున వాకిట్లో అందరం వేరుశనక్కాయలు ఒలుస్తున్నాం. అవ్వ ఉన్నట్టుండి అంది.

"ఏమ్మా కీర్తనా, మా పిల్ల చదువు నీకు యాడ అడ్డమొచ్చెనమ్మా?"

వదిన తల ఎత్తింది. "ఏం చదువవ్వా?"

"ఏం చదువని అడుగుతాండాది సూడు, ఏమీ తెలీనట్టు. టైర్ల అంగట్లో పుట్టినదానికి పుస్తకం ఇలువ యాడ తెలుస్తాది."

వదిన అవ్వ వైపు చూసింది. అమ్మ వైపు చూసింది. నా వైపు కూడా చూసింది. నేను కాయను రెండుగా చీలుస్తున్నాను, అందులో గింజలు లేవు. వదిన తన ఒళ్ళోని గింజలను చేటలో పోసి, లేచి, చేతులు కడుక్కుంది. సాయంకాలం రైలుకు ధర్మవరం వెళ్ళిపోయింది. వాళ్ళ నాయనకు ఒంట్లో బాగాలేదని చెప్పింది.

అవ్వ అంత మాట అంటుందని నాకు తెలియదు. టైర్ల అంగడి అనే మాటను నేనెప్పుడైనా అవ్వ దగ్గర అన్నానా? గుర్తులేదు. అని ఉంటే మామూలుగానే అని ఉంటాను.

అన్న షిఫ్టు నుంచి వచ్చి, "ఏం జరిగింది మే?" అన్నాడు.

"నాకేం తెలుసన్నా" అన్నాను.

మార్చి 15

అన్న ధర్మవరం వెళ్ళి ఒక్కడే తిరిగి వచ్చాడు. నేనే మెల్లగా దగ్గరికి వెళ్ళి, "స్ప్రింగుల సంగతి ఏం చేద్దామన్నా?" అన్నాను.

"నీ ఇష్టమొచ్చినట్టు కానీలే."

"నలభైవేనా?"

"నలభైవే పెట్టు."

ఫోన్లో ఆర్డరు నేనే పెట్టాను. బెంగుళూరు నుంచి వారంలో వస్తాయి. నేను కోరుకున్నదే వస్తోంది. సంతోషంగానే ఉన్నాను.

సంతోషంగానే అనే మాటలో ఆ 'నే' ఎందుకు వచ్చిందో చూడాలి.

మార్చి 22

ఈ రోజు ముందు సీటులో కూర్చున్నాను.

పెనుకొండ నుంచి హిందూపురం దాకా. స్ప్రింగుల డబ్బా వెనక సీట్లో ఉంది. అన్న పాటలు పెట్టలేదు. కొండ మలుపు దగ్గర సీటు వెనక్కి జరుపుకోబోతే, అది అప్పటికే వెనక్కి జరిపి ఉంది. వదిన నాకంటే పొడుగు.

రామాంజినేయులు షెడ్డు ముందు కారు నిలిపాం. ఆయన టైరు పక్కన గొంతు కూర్చుని, "ఇప్పుడు నాలుగేళ్ళు ఉండాది చూడప్పా" అన్నాడు.

కారు వయసు చెబుతున్నాడనుకున్నాను. "నాలుగు కాదన్నా, ఆరేళ్ళు" అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "ఆరేళ్ళ సందు లారీకి ఉంటాదమ్మా."

అన్న నవ్వాడు. పది రోజుల తర్వాత నవ్వడం. రామాంజినేయులు తన అరచేతిని టైరుకూ పైన రేకు అంచుకూ మధ్య ఉన్న సందులో దూర్చాడు. బొటనవేలు బయట ఉంది. మిగతా నాలుగు వేళ్ళూ ఒకదాని మీద ఒకటిగా సరిగ్గా ఇమిడాయి.

"ఇదో. నాలుగేళ్ళు. ఈ నలభై స్ప్రింగు ఏస్తే రెండేళ్ళకు వస్తాది, ఇరవై ఐదుదైతే మూడేళ్ళకు. ఆ పొద్దు మీ వదిన ఈడనే నిలబడి ఒగటే వాదన. మూడేళ్ళు చాలు, రెండేళ్ళకు పోతే ప్రతి స్పీడు బ్రేకరుకూ అడుగు తగిలి మేమే అనుభవించల్ల అని. ఈయప్పేమో, మా అశ్విని రెండేళ్ళే కావాలంటాది అనె. మీ అన్న నిన్ను తలుచుకోకుండా బోల్టు గూడా ఇప్పడమ్మా."

నేను ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను. గ్రీజు అంటిన నాలుగు వేళ్ళు.

వేళ్ళు. ఏళ్ళు.

మా వైపు మాట మొదట్లో ఇ, ఎ, ఏల ముందున్న వకారం చాలాసార్లు నిలవదు. వేలు ఏలు అవుతుంది. వేడి ఏడి అవుతుంది. విలువ ఇలువ అవుతుంది. రెండు వేళ్ళు, రెండేళ్ళు. దీన్ని గురించి సెమినారులో మూడు నిమిషాలు మాట్లాడాను, బోర్డు మీద ఉదాహరణలు రాశాను. క్లాసు చప్పట్లు కొట్టింది.

మిద్దె మీద మాత్రం నాకు కావలసిందే వినిపించింది.

"ఎక్కించేదా?" అన్నాడు రామాంజినేయులు. అన్న నా వైపు చూశాడు. నేను నోరు తెరవలేకపోయాను. దాన్ని అవునని అనుకున్నారు. నాలుగు స్ప్రింగులూ మారాయి. కారు కిందికి దిగింది. వీడియోల్లో ఉన్నట్టే ఉంది, చాలా అందంగా.

తిరిగి వచ్చేటప్పుడు వెనక కూర్చుంటానని అన్నాను. "ఎందుకు?" అన్నాడు అన్న. కాళ్ళు చాపుకోవాలని చెప్పాను.

మార్చి 23

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 24

గోరంట్లలో మా అత్త ఇంట్లో గృహప్రవేశం. కారులో అన్న, నాయన, వెనక అమ్మ, అవ్వ, నేను. బరువుకు కారు ఇంకా కుంగింది. ఊరు దాటకముందే మొదటి స్పీడు బ్రేకరుకు అడుగు తగిలి గర్రుమంది. అన్న ముఖం చిట్లించాడు. గుంతల్లో వెనక టైరు లోపలి రేకుకు రాసుకుని రబ్బరు వాసన వచ్చింది. పొట్టి స్ప్రింగులు బరువును ఓర్చుకోలేకపోతున్నాయి.

గోరంట్లలో దిగేటప్పుడు అవ్వ లేవలేకపోయింది. సీటు మరీ కిందికి ఉంది. మోకాళ్ళు పట్టేశాయి. "గుంతలో కూర్చోబెట్టినారు గదప్పా నన్ను. ఎత్తండి" అంది. నాయనా నేనూ చెరొక చేయి పట్టి లేపాం. చుట్టాలందరూ చూస్తున్నారు.

"ఎవురు దించమన్న్యారు దీన్ని ఇంత కిందికి?" అంది అవ్వ.

"అశ్విని" అన్నాడు నాయన.

అవ్వ నా చేయి వదలలేదు. ఆమెను పక్కకు తీసుకుపోయి, కొత్త ఇంటి వెనక ఇసుక కుప్ప మీద కూర్చోబెట్టి, మొత్తం చెప్పేశాను. ఏలు, ఏడాది, మిద్దె, అన్నీ.

అవ్వ తన చేతి వేళ్ళను ముఖం ముందు పెట్టుకుని చూసుకుంది. "ఇన్ని పుస్తకాలు సదివితివి గదమే, ఏలుకూ ఏడాదికీ తేడా తెలీకపాయెనా నీకు? నీ మాట పట్టుకోని ఆ పిల్లను యాపాకు తినిపించినట్టు అంటి నేను."

"నేనేం చెప్పలేదు గదా అవ్వా."

"అదే మే. ఇన్నమాట ఇన్నట్టు చెప్పింటే ఆ పిల్ల అది కాదని అనేది. చెప్పకపోతివి, నేను కల్పించుకుంటి."

మార్చి 26

అన్నకు చెప్పాను. వాకిట్లో, కారు పక్కన నిలబడి. అతను మూడు నాలుగు సార్లు రేకు అంచును చేత్తో తడిమాడు.

"నన్నొక మాట అడగల్సింది గదమే."

"నువ్వెప్పుడూ ఖాళీగా లేవు."

అతను చేతి దుమ్ము దులుపుకుని, "ఎమ్మేకు అప్లికేషను ఎప్పుడు?" అన్నాడు.

"వచ్చే నెల."

"పెట్టు. నాయనకు నేను చెప్తా." తర్వాత తాళంచెవి తిప్పుకుంటూ, "ధర్మవరానికి నేను ఇంగోసారి పోను. నేను పోతే మీ వదిన నా వెంట రాలా. నువ్వే పో" అన్నాడు.

అనుకున్నది దొరికింది. ఎంత సంతోషం రావాలో అంత రాలేదు.

మార్చి 28

ధర్మవరం నుంచి ఇప్పుడే వచ్చాను. మర్చిపోకముందే రాయాలి.

రైలు దిగి నడుచుకుంటూ వెళ్ళాను. అంగడి పక్క సందులో మగ్గాల చప్పుడు. రంగప్ప మామ ఒక టైరును చక్రం నుంచి ఊడదీస్తున్నాడు. ఒంట్లో బాగాలేనట్టేమీ లేడు. "ఏమ్మా, ఒక్కదానివే వస్తివే" అని చేతులు తుడుచుకున్నాడు. లోపలికి చూసి, మళ్ళీ నన్ను చూసి, "టీ చెప్పొస్తా" అని వెళ్ళిపోయాడు. టీ అంగడి ఎదురుగానే ఉంది. ఆయన చాలాసేపు రాలేదు.

వదిన కొత్త టైర్ల మీద చాక్‌పీసుతో సైజులు పెద్దగా రాస్తోంది. ఆమె అక్షరాలు నా అక్షరాల కంటే గుండ్రంగా ఉన్నాయి. అప్పుడు కూడా నాకు ఆ సంగతే కనిపించింది.

"కూర్చో" అంది. కుర్చీ లేదు. టైర్ల దొంతర మీద కూర్చున్నాను, నడుము లోపలికి దిగిపోయింది. ఆ స్థితిలో చెప్పాను. మిద్దె మీద విన్నది, నేను అనుకున్నది, అవ్వ దగ్గర నేను మూసుకున్న నోరు, గోరంట్లలో పట్టేసిన అవ్వ మోకాళ్ళు. టైర్ల అంగడి మాట నేనే అవ్వకు నేర్పానని కూడా చెప్పాను, ఎందుకంటే ఇక్కడికి వచ్చే దారిలో అది గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో, చిక్కుడుకాయల రోజు అన్నాను.

వదిన రాయడం ఆపలేదు. చెప్పడం అయిపోయాక అడిగింది, "మూడేళ్ళు చాలు అంటే, నీ చదువుకన్నానని అనుకుంటివా?"

"ఊఁ."

"నీ చదువు సంగతి నాకు ఆలోచనే రాలేదు అశ్వినీ. ఆ పొద్దు నువ్వు అన్నం కాడ చెప్తివి. నేను నెయ్యి యాడుండాదా అని వెతుకుతాంటి."

ఇది నాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. నేను నెలంతా ఆమెనే తలుచుకుంటూ గడిపాను. పొద్దున లేస్తే ఆమె, కాలేజీలో ఆమె, రాసుకుంటే ఆమె. ఆమె తలపులో నేను ఎక్కడా లేను.

కానీ వదిన అక్కడితో ఆగలేదు. చాక్‌పీసు పక్కన పెట్టి, నా ఎదురుగా ఇంకో టైరు మీద కూర్చుంది.

"ఒకటి చెప్తా విను. నేను ఈ అంగట్లో ఊరికే ఉండలే. ఆటోమొబైల్ డిప్లొమా చేసినాను, ఈ లెక్కలు నాకు అన్నం తిన్నంత సులువు. మీ అన్నకు ఏది చెప్పినా, అశ్వినిని అడుగుదాం అంటాడు. టైరు సైజుకు అశ్విని. స్ప్రింగుకు అశ్విని. కారు కడిగే సబ్బుకు గూడా అశ్విని. అవ్వ అన్న్యాది పెద్దమనిషి మాట, అది పోతాది. నా ఏడుపంతా ఇది."

ఏడుపు. అవ్వ వాడే మాటే. ఆమె కళ్ళల్లోనూ నీళ్ళు లేవు.

ఇన్ని మాటలు పోగు చేసుకున్నాను, ఒక్కటీ సాయానికి రాలేదు. "నాకూ అదే వదినా" అన్నాను. "తెలుసు" అంది. కొంచెం నవ్వినట్టే ఉంది, కానీ ఖాయంగా చెప్పలేను.

"ఇంటికి రా వదినా."

"రావల్లంటే రైలుకే వస్తా. అంత కిందున్న కార్లో నా మోకాళ్ళు గూడా పట్టేస్తాయి."

అప్పుడే నా ఫోను మోగింది. అన్న. హిందూపురంలో రామాంజినేయులు షెడ్డులో ఉన్నాడు. పక్కన సుత్తి చప్పుడు వినిపిస్తోంది.

"మే, ఇరవై ఐదు స్ప్రింగులు ఈడనే దొరికినాయి, మార్పిస్తాండా. అల్లాయ్ చక్రాలకు టైర్లు గూడా ఇప్పుడే చెప్పమంటాండాడు. ఏ సైజు చెప్పల్ల?"

నాకు తెలుసు. నాలుక చివరే ఉంది. మూడు అంకెలు, ఒక గీత, రెండు అంకెలు. వదిన వంగి, ఒక టైరు గాడిలో ఇరుక్కున్న రాయిని గోటితో తీస్తోంది. నా వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి కష్టపడుతోంది.

"ఉండావా మే?" అన్నాడు అన్న.

"వదిన ఈడనే ఉండాది. ఆమెను అడుగు" అని ఫోను ముందుకు చాపాను. ఇవ్వడానికి చేయి చాచానే గానీ వేళ్ళు వెంటనే వదల్లేదు. వదిన కొంచెం లాగి తీసుకోవలసి వచ్చింది.

"195/55 పదహారు" అంది. ఆ తర్వాత నాకు వినపడకుండా పక్కకు తిరిగి, గొంతు తగ్గించి, ఇంకేదో మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. నేను టైర్ల మీద కూర్చుని, ఎదురంగట్లో టీ చల్లారబెట్టుకుంటున్న రంగప్ప మామను చూస్తూ ఉన్నాను.

అదే సైజు. నేను చెప్పినా అదే చెప్పేదాన్ని.